బొంగ్నే అక్క అమ్మిన బెల్టు

సియోల్‌లో మా జంగాన్‌ప్యొంగ్ బండ్ల విడిభాగాల బజారులో ఎవరి నోట విన్నా ఒకటే మాట. "ఇది ఒరిజినల్." హారన్లు అమ్మేవాడిది ఒరిజినలే, బోల్టులు అమ్మేవాడిది ఒరిజినలే, ఆఖరికి బజారు గేటు దగ్గర ప్లాస్టిక్ దువ్వెనలు అమ్ముకునే ముసలాయనది కూడా ఒరిజినలేనట. పగలంతా ఆ మాట అని ఇంటికెళ్లి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోగలిగిన మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. ఆవిడ పేరు తాక్ బొంగ్నే. ఆవిడకి నిద్ర పట్టని రోజులు కూడా చూశాను, ఇప్పుడు చెప్పబోయేది వాటి గురించే.

నేను ఆ సందు మొదట్లో భోజనాల కొట్టు నడుపుతాను. మధ్యాహ్నమయ్యేసరికి పళ్లెం నెత్తిన పెట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగి అన్నం అందించేది నేనే. మా ఊరు యొంగ్‌వొల్ కాబట్టి బజారంతటికీ నేను యొంగ్‌వొల్‌నే. నాకంటూ ఒక పేరుందని పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో, ఎవరికి కడుపులో మంటో, గిన్నెలో మిగిల్చిన అన్నం చూసి చెప్పేస్తాను. నా వంటకి వంక పెట్టినవాణ్ణి మాత్రం ఊరికే వదలను. అది కూడా ముందే చెప్పేస్తున్నాను, తర్వాత పనికొస్తుంది.

బొంగ్నే అక్క కొట్లో కియా కంపెనీ సామాన్లు తప్ప ఇంకోటి దొరకదు. వేరే కంపెనీవి అడిగితే ఎదురు కొట్టు చూపిస్తుంది. "ఇంకో కంపెనీ సరుకు కూడా పెట్టుకుంటే బేరం పెరుగుతుంది కదక్కా" అని ఓసారి నోరు జారాను.

"బేరం పెరుగుతుందని నువ్వు ఇద్దరు మొగుళ్లని పెట్టుకుంటావా?" అంది.

మళ్లీ ఆ ఊసెత్తితే ఒట్టు.

ఆవిడ బతుకంతా ఆ కంపెనీ చక్రాల వెంటే నడిచింది. కొరియా యుద్ధం రోజుల్లో వాళ్ల నాన్న పిల్లల్ని చంకనేసుకుని పుసాన్ చేరాడు. కియావాళ్లు అప్పుడక్కడ సైకిళ్లు చేసేవాళ్లు. సమ్‌చొల్లి అని పేరు, మన దేశంలో మొదట తయారైన సైకిలు అదే. ఆయన తంటాలుపడి ఒకటి సంపాదించి, దాని వెనక ఎండుచేపల కట్టలు వేసుకుని వీధివీధీ తిరిగి అమ్మేవాడు. ఆ కట్టల మీదే బొంగ్నే అక్క పెరిగింది. బడిలో పక్కపిల్లలు ముక్కు మూసుకునేవాళ్లట. "మూసుకోనీ, నాకేం? నేను సైకిలెక్కి వచ్చేదాన్ని, వాళ్లు నడిచి వచ్చేవాళ్లు" అంటుంది ఇప్పటికీ.

రెండు చక్రాల తర్వాత మూడు చక్రాలొచ్చాయి. సియోల్ వచ్చి ఆవిడ చేసుకున్న ఓక్ చున్‌బో, కియా మూడు చక్రాల బండి మీద కొండవాడలకి బొగ్గు ఉండలు చేరవేసేవాడు. ఆ బండ్లు మలుపుల్లో ఒక పక్కకి ఒరిగేవి. పక్కన కూర్చున్న పెళ్లాం అవతలి పక్కకి వాలి సరిచెయ్యాలి. అలా వాలుతూ వాలుతూనే ఇద్దరికీ ప్రేమ కుదిరిందని చున్‌బో బావ అంటాడు. నడుం నొప్పి కుదిరిందని అక్క అంటుంది.

ఒక చలికాలం బ్రేకులో రబ్బరు మార్చాల్సి వచ్చింది. వేలెడంత ముక్క. చొంగ్గ్యెచొన్ కాలవ గట్టున ఎవడో కంపెనీ డబ్బాలోంచి తీసి మరీ ఇచ్చాడు. డబ్బా మాత్రమే కంపెనీది. నూనెలో నాని ఆ రబ్బరు ఉబ్బిపోయింది, దిగుడులో బ్రేకు పడలేదు. కింద నీళ్ల పంపు దగ్గర బిందెలతో ఆడవాళ్లు వరసకట్టి ఉన్నారు. చున్‌బో బావ బండిని గోడకేసి కొట్టాడు. ఆడవాళ్లకి ఏమీ కాలేదు కానీ ఆయన కుడికాలు మాత్రం మళ్లీ మామూలుగా వంగలేదు.

కాలు పోయింది కాబట్టి ఇక బండి నడపడం కుదరదు. అదే కాలవ గట్టున, ఆ దొంగముక్క అమ్మినవాడికి కనపడేంత దూరంలో, మొగుడూ పెళ్లాలు చిన్న బడ్డీ పెట్టారు. బోర్డు చున్‌బో బావే రాశాడు, నీలం మీద తెలుపు: "అసలు విడిభాగాలు." కొట్లన్నీ అక్కణ్ణుంచి ఇటు జంగాన్‌ప్యొంగ్‌కి మారినప్పుడు ఆ బోర్డును దుప్పట్లో చుట్టి తెచ్చుకున్నారు. ఎనభై ఒకటిలో ప్రభుత్వం కియాని కార్లు మానెయ్యమంది, చిన్న లారీలూ వ్యాన్లూ మాత్రమే చేసుకోమంది. ఇక ఈవిడ కొట్టు మూసినట్టేనని సందంతా అనుకున్నాం. ఇంతలో బొంగో వ్యాను వచ్చింది. ఎంత ఆడిందంటే, ఏ కంపెనీ వ్యాన్‌నైనా జనం బొంగో అనే పిలవడం మొదలెట్టారు. వేరే కంపెనీ బండి తెచ్చి "మా బొంగోకి అద్దం ఇవ్వండి" అనేవాళ్లకి సర్దిచెప్పి పంపడమే అక్కకి సగం పని. చాలా ఏళ్ల తర్వాత కియా దివాలా తీసి ఇంకో పెద్ద కంపెనీ చేతికి వెళ్లినప్పుడు కూడా ఆవిడ బెదరలేదు. "యజమాని మారితే బోల్టుకి మరలు మారతాయా?" అని తేల్చేసింది.

బెదిరింది ఒక్కసారే. ఎనభై ఆరు నవంబరులో, అందరూ చలికాలం కిమ్చి పచ్చడికి క్యాబేజీలు కొనుక్కునే రోజుల్లో.

మెంగ్ దొక్సు అని ఒకాయన. నదికి అవతల చంటిపిల్లల బడి నడుపుతాడు, చర్చిలో డీకన్, అంటే సంఘ పెద్ద. పాత బొంగో కొని, పిల్లల్ని తనే ఇళ్ల దగ్గర ఎక్కించుకుని తనే దింపుతాడు. మెత్తని మనిషి. ఆ రోజు నేను ఖాళీ గిన్నెలు ఏరుకుంటుంటే అక్క కొట్లోకి మిరపకాయలా ఎర్రబడి వచ్చాడు. ఇంజన్ని చల్లబరిచే ఫ్యాను తిప్పే బెల్టు, పీలికలైనది ఒకటి, బల్ల మీద విసిరికొట్టాడు.

"ఓనరమ్మా! ఇది ఒరిజినలా? నా మొహం చూసి చెప్పండి, ఇది ఒరిజినలా?"

"మా దగ్గర కొన్నదేనా?" అంది అక్క.

"మీ దగ్గరే! పాతది అరిగి తెగిపోతే కొత్తది మీ దగ్గరే కొన్నాను. అది వారం తిరక్కుండా పోయింది. సర్లే, నా ఖర్మ అనుకుని మళ్లీ మీ దగ్గరే ఇంకోటి కొన్నాను. ఇవాళ చొన్‌హో వంతెన నడిమధ్యన బండి కుతకుతా ఉడికి ఆవిరి కక్కింది. వెనకాల పిల్లలు 'మేస్టారూ, బండి రైలైపోయింది' అని చప్పట్లు! పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి!"

అక్క మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. "పిల్లలకేం కాలేదు కదా?" అని మాత్రం అడిగింది.

"దేవుడి దయవల్ల ఏం కాలేదు. మీ బెల్టు దయవల్ల కాదు."

అలాంటి మాటకి ఆవిడ ఇంకో రోజైతే ఊరుకునేది కాదు. ఆ రోజు బెల్టుని రెండు చేతుల్లోకీ తీసుకుని తిప్పి తిప్పి చూసింది, అంతే. ఎల్లుండి మధ్యాహ్నం బండిని కొట్టు ముందుకు తీసుకురమ్మంది. ఇంకో బెల్టు తనే ఇచ్చి, మెకానిక్ చేత వేయించుకుని రమ్మంది. అందరి ముందూ ఇంజను తిప్పి చూద్దాం అంది. "నా సరుకు దొంగదని తేలితే మీ కళ్ల ముందే బోర్డు దించుతాను."

సందులో ఉలిక్కిపడనివాడు లేడు. మా బజారులో ఎవరూ కాగితం మీద రాయని కట్టుబాటు అది. దొంగ సరుకుని అసలని అమ్మినవాడు తన బోర్డు తనే దించుకుంటాడు. ఎవరూ వచ్చి దించరు. దించమని కూడా అనరు. దించేదాకా ఆ మనిషితో మాట్లాడరు.

ఆయన వెళ్లాక నేను కసిరాను. "ఎవడో వచ్చి అరిస్తే నువ్వెందుకక్కా తలొంచుకోవడం? నీ సరుకు సంగతి నీకు తెలీదూ?"

"అదే కదే, తెలీదు" అంది. గొంతు చిన్నదైపోయింది. "పోయిన నెల కంపెనీ డిపోలో బొంగో బెల్టులు అయిపోయాయి. కొత్త హోల్‌సేలు వాడొకడు తెచ్చాడు. డబ్బా అదే, ముద్ర అదే. ఎప్పుడూ తీసుకోనిదాన్ని, తీసుకున్నాను. వంతెన మీద ఉన్నది పిల్లలే యొంగ్‌వొల్. ఆ రబ్బరు ముక్క అమ్మినవాడు కూడా డబ్బా చూసే అమ్మాడేమో, ఎవరికి తెలుసు? వాణ్ణి ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. బావ కాలు ఎదురుగా పెట్టుకుని రోజూ అన్నం తింటున్నాను."

"నా కాలు నా దగ్గరే ఉంది. దాన్ని మధ్యలోకి లాగకు" అన్నాడు చున్‌బో బావ లోపలినుంచి.

ఆ రెండు రోజులూ ఆవిడ కన్ను మూయలేదు. బావే చెప్పాడు. నేను పెట్టిన అన్నం పెట్టినట్టే తిరిగొచ్చింది. అల్మరాలో డబ్బాలన్నీ దించి, బెల్టుల్ని ఒక్కొక్కటీ వంచి, వాసన చూసి, పాతవాటి పక్కన పెట్టి మళ్లీ మళ్లీ చూసుకుంది. తేడా కనపడలేదు. కనపడకపోవడమే ఆవిణ్ణి తినేసింది. నాకు ఆవిడంటే జాలి, ఆ డీకన్ అంటే ఒళ్లుమంట. పాపం ఆయన తప్పు కూడా లేదని తెలిసి ఇంకా మంట.

ఎల్లుండి రానే వచ్చింది. మెంగ్ దొక్సు బండి తెచ్చి కొట్టు ముందు ఆపాడు. పక్కన మెకానిక్ గిచొల్. మా బజారు చివర్లో షెడ్డున్న మనిషే, మూడు బెల్టులూ బిగించింది అతనే. వెనక సీట్లో డీకన్‌గారి అత్తగారు, కిమ్చికి ఉప్పు కొనుక్కోవడానికి ఎక్కిందట, ఉప్పు బస్తా మీద చెయ్యేసుకుని కూర్చుంది. కొట్లవాళ్లంతా బయటికొచ్చి నిలబడ్డారు. బోర్డు కింద స్టూలు వేసి ఉంది. అక్క తనే వేసింది. ఎవరూ దానివైపు చూడటం లేదు, అందరికీ అదే కనపడుతోంది.

ఇంజను తిరుగుతోంది. బొంగోకి ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. మూత పెట్టేసి, తొక్కీ వదిలీ చూస్తున్నారు. అందరూ చెవులప్పగించి వింటున్నారు.

సరిగ్గా అప్పుడు నేను పళ్లెం నెత్తిన పెట్టుకుని వచ్చాను. వచ్చీ రాగానే కార్బరేటర్ల కొట్టు ముసలాయన ముక్కు ఎగబీల్చి, "యొంగ్‌వొల్! నీ కొట్లో చేప మాడుతోంది చూసుకో!" అని అరిచాడు.

"నేనివాళ చేప ముట్టుకోలేదు బాబాయ్. సోయాముద్ద పులుసు చేశాను."

"మరి ఈ కంపేంటమ్మా? ఈ మధ్య నువ్వు రోజూ మాడుస్తున్నావులే."

రోజూ మాడుస్తున్నానట! ఇంజను లేదు, బెల్టు లేదు, నాకింకేమీ గుర్తులేదు. పళ్లెం దించి నేల మీద పెట్టాను. "మీ ముక్కు మాడింది బాబాయ్, నా చేప కాదు! రండి, అందరూ రండి, వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చేద్దాం!" అని ముక్కు ముందుకు పెట్టుకుని బయల్దేరాను. నా కొట్టు వైపు నాలుగడుగులు వేస్తే వాసన పలచబడింది. వెనక్కి తిరిగితే చిక్కబడింది. అలా వస్తూ వస్తూ వ్యాను తలుపుకి గుద్దుకున్నాను.

"అక్కా! చేప మాడుతోంది నా వంటింట్లో కాదు. ఇందులో!"

బొంగ్నే అక్క వచ్చి తలుపులోకి వంగింది. ఒక్కసారి గాలి పీల్చింది. "ఇది మా నాన్న సైకిలు వాసన" అంది. అని, చెయ్యి చాచి ఇంజను ఆపేసి, సీటు పైకెత్తింది.

లోపల ఎండుచేప ఉంది. మూరెడు ఎండుచేప, నోరు తెరుచుకుని, ఒక పక్క మాడి నల్లబడి. దాని ఒంటికి చుట్టిన తెల్లదారం సగం బెల్టు తిరిగే కప్పీకి చుట్టుకుపోయి ఉంది. కొత్త బెల్టు అంచు ఆ దారం కింద నలిగి అప్పటికే పీచు లేస్తోంది.

డీకన్‌గారు ఆ చేపని చూశారు, చేప ఆయన్ని చూసింది.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు.

అత్తగారు ఆకాశం వైపు చూస్తోంది.

"అత్తయ్యా!"

"ఏమయ్యా, ఏం చెయ్యమంటావు?" అని ఆవిడ ఉప్పు బస్తా మీద చరిచింది. "బండి కొన్నప్పుడు పంది తల పెట్టి, చక్రాలకి ఇంత బియ్యపు కల్లు పోసి మొక్కుదామంటే వద్దన్నావు. సరే అని ఊరుకున్నాను. మొదట ఆ పాత బెల్టు తెగింది చూశావా? అప్పుడు పెట్టాను, దిష్టి తగలకుండా చేపకి దారం చుట్టి. రోజూ పసిపిల్లల్ని ఎక్కిస్తావు, కాపలా ఉండొద్దూ?"

"నేను డీకన్ని అత్తయ్యా!"

"డీకన్ నువ్వు. బండి కాదుగా!"

కొట్లవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క మాత్రం నవ్వలేదు. గిచొల్ వైపు తిరిగింది. ఆ మనిషి అప్పటికే తన బూట్లు పరిశీలించుకుంటున్నాడు.

"బెల్టులు మార్చింది నువ్వే కదా గిచొల్. ఈ చేపని చూశావా?"

"చూశాను."

"చూసి?"

"మళ్లీ కట్టాను."

"కట్టావా!"

"ముడి వదులైంది వదినా. బెల్టు తెగినప్పుడు దెబ్బకి ఊడి ఉంటుందనుకున్నా. గట్టిగా కట్టా. డీకన్‌గారు చాటుగా పెట్టుకున్నారేమో, అడిగితే సిగ్గుపడతారేమోనని నోరెత్తలేదు."

"సరే, కట్టావు. దారం ఇంత పొడుగు వేలాడుతుంటే మిగిలింది కత్తిరించడానికి చెయ్యి రాలేదా?"

ఆ మాటకి సందు సందంతా గుండె పట్టుకుంది. "దారం కత్తిరించడమేమిటే తల్లీ, ఆ దారమే ఆయుష్షు కదా!" అన్నాడు కార్బరేటర్ల బాబాయ్. "పసిపిల్లలెక్కే బండి వదినా, నా చేత్తో ఎలా కత్తిరిస్తాను?" అన్నాడు గిచొల్. అందరం తలూపాం, నేనూ ఊపాను. డీకన్‌గారు నోరు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు.

"అంటే... కత్తిరించకపోవడం మంచిదేలెండి" అన్నారు.

అప్పుడు పగలబడ్డాం. ఎవరు ఎవరి భుజం పట్టుకుని నవ్వుతున్నారో తెలియనంతగా. బొంగ్నే అక్క స్టూలు మీద కూలబడిపోయి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "తప్పు నాది కాదే యొంగ్‌వొల్, బెల్టుది కాదు, నాది కాదు" అని నా చెయ్యి పట్టుకుని అదే మాట. నాకూ కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆ రెండు రోజులూ నా ఛాతీ మీద ఎంత బరువుందో అది దిగాకే తెలిసింది.

చున్‌బో బావ కుంటుకుంటూ గుడ్డ తడిపి తెచ్చాడు. "ఆ స్టూలు కాస్త ఖాళీ చెయ్యి. ఎలాగూ వేశావు, ఎక్కి బోర్డు తుడుస్తాను. ఎన్నేళ్ల మకిలో."

"ఆ కాలితో నువ్వు ఎక్కేదేంటి, ఆగు!" అని అక్క మామూలు గొంతుతో అరిచింది. ఆ అరుపు విని సందంతా ఎవరి కొట్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

దారం మాత్రం కత్తిరించలేదు. అక్కే సీటు మీద మోకాళ్లేసుకుని, కప్పీని చేత్తో వెనక్కి తిప్పుతూ చుట్టు చుట్టూ విప్పింది. అత్తగారు దాన్ని వేళ్లకి చుట్టుకుంది. అక్క అదే హోల్‌సేలు సరుకులోంచి కొత్త బెల్టు తీసి గిచొల్ చేతికిచ్చింది. అతను బిగించాడు. చేప సంగతేంటని ఎవరో అడిగారు. పారెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఇంజనులో వద్దని డీకన్‌గారు ఖచ్చితంగా చెప్పారు. అత్తగారు దాన్ని కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఒళ్లో అయితే నాకు అభ్యంతరం లేదు. అది మీ ఒడి" అన్నారాయన. తర్వాత అక్క ముందు నిలబడి నడుం దాకా వంగారు. "ఓనరమ్మా, చాలా మాటలన్నాను."

"పిల్లల బండి అనే అన్నారు. అనకపోతేనే తప్పు" అంది అక్క. "కానీ నాకింకా మనసు కుదుటపడలేదు. వంతెన మీదికి నేనూ వస్తాను."

నేనూ ఎక్కాను. నా చేప మీద నింద పోయిన బండి కాబట్టి నాకూ హక్కుందనుకున్నాను. అక్క ముందు సీట్లో, ఇంజను మీద కూర్చుంది. చెవి కిందికి పెట్టి వింటూ, చొన్‌హో వంతెన ఎక్కి దిగేదాకా గుప్పిళ్లు విప్పలేదు. బెల్టు చప్పుడు చెయ్యలేదు. అవతల బడి దగ్గర పిల్లలు బిలబిలా ఎక్కారు, ఇవతల ఒడ్డున దింపాల్సినవాళ్లు. బండి మళ్లీ వంతెనెక్కింది.

నడిమధ్యకి వచ్చేసరికి ఒక పిల్ల నా చెయ్యి లాగింది. "పిన్నీ, ముందు సీట్లో పెద్దమ్మకి ఏమైంది?"

చూద్దును కదా, అక్క తల కిటికీకి ఆనించి, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. కింద ఇంజను వెచ్చదనం, బయట నది మీద ఎండ. అత్తగారు పెదవుల మీద వేలుంచుకుని పిల్లలందరినీ కళ్లతోనే బెదిరించింది. రైలు లేదు, చప్పట్లు లేవు, బండిలో పిల్లలు ఉన్నారా అన్నట్టు ఊరుకున్నారు.

డీకన్‌గారు వేగం తగ్గించారు. వెనక లారీవాడు హారన్ మోగించినా పట్టించుకోలేదు. ఆవిడ అమ్మిన బెల్టు ఆవిడ కిందే తిరుగుతోంది, దాని మీద ఆవిడ గుర్రుపెట్టి నిద్రపోతోంది.